ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూస్తాం, ల్యాప్‌టాప్ కొనేటప్పుడు స్టిక్కర్ చూస్తే ఎట్ల?

ఈసారి పోస్టు పప్పుశనగ గురించి కాదు, కేసీ కాలువ నీళ్ల గురించి కూడా కాదు. ల్యాప్‌టాప్ గురించి. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, కానీ చివరిదాకా చదవండి. పొడుగ్గానే ఉంటుంది.

మొన్న రైతు సేవా కేంద్రం దగ్గర కూర్చున్నప్పుడు మా ఊరి తమ్ముడు ఒకాయన అడిగినాడు. "అన్నా, మా పాప ఇంటర్ అయిపాయ. ఇంజినీరింగ్‌కు పోతాదంట. ల్యాప్‌టాప్ కొనాల. యాది మంచిది?" అని. అంతే, అక్కడున్న నలుగురూ నాలుగు కంపెనీల పేర్లు చెప్పినారు. ఒకాయన వాళ్ల అల్లుడు బెంగళూరులో వాడేది చెప్పినాడు. ఇంకొకాయన టీవీలో అడ్వర్టైజ్‌మెంట్ చూసింది చెప్పినాడు. ఏం పనికి అని మాత్రం ఒక్కరూ అడగలేదు.

విత్తనం దగ్గర మనం ఇట్ల చేస్తామా? చెయ్యం. కూలీలతో కోయించేవాడు జేజీ 11 వేసుకుంటాడు. మిషన్‌తో కోయిద్దామనుకున్నవాడు నంద్యాల పరిశోధనా స్థానం వాళ్లు తెచ్చిన ఎన్‌బీఈజీ 47 అడుగుతాడు. ఎందుకంటే అది నిటారుగా పెరుగుతుంది, కాయ పైన కాస్తుంది, మిషన్‌కు అందుతుంది. రెండూ మంచివే. కోత ఎట్ల కోస్తావనేదాన్ని బట్టి రకం. ల్యాప్‌టాప్ కూడా అంతే. పని తెలియకుండా "మంచిది ఏది" అని అడిగితే, అవతలోడు వాని దగ్గర మిగిలింది అంటగడతాడు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే నేను రెండుసార్లు దెబ్బ తిన్నాను. ఒకటి ల్యాప్‌టాప్ లేక. రెండోది తప్పు ల్యాప్‌టాప్ కొని.

మొదటిది 2022లో. మా పెద్దపాపకు ఈఏపీసెట్ ర్యాంకు వచ్చింది. మనం ఇంకా ఎంసెట్ అనే అంటాం లెండి. ర్యాంకు మరీ గొప్పది కాదు, మరీ చెడ్డది కాదు. నంద్యాలలోనే చదివితే పొద్దున బస్సుకు పోయి సాయంత్రానికి ఇంటికి వస్తుందని మా ఇంట్లో లెక్క. వెబ్ ఆప్షన్లు పెట్టడానికి నెట్ సెంటర్‌కు పోయినాం. అప్పటికే ముందర ఇరవై మంది ఉన్నారు. పాప కాగితం మీద కాలేజీల పేర్లు, కోడ్‌లు రాసుకొచ్చింది. అక్కడ కూర్చున్న పిల్లోడు ఫోన్‌కు వచ్చిన ఓటీపీ అడిగినాడు, నేను చెప్పినాను. టకటకా కొట్టినాడు. ఫ్రీజ్ చేస్తున్నా అన్నాడు. నేను తల ఊపినాను. పాప వెనకాల ఆడోళ్ల వరుసలో నిలబడి ఉంది, దానికి స్క్రీన్ కూడా కనపడలేదు.

సీటు వచ్చినాక చూస్తే మేము కింద రాయించిన దూరపు కాలేజీ పైకి పోయింది. ఈ ఆప్షన్లు ఎట్ల పనిచేస్తాయంటే, మీ వరుసలో పైనుంచి చూసుకుంటూ వస్తారు, మీ ర్యాంకుకు మొదట దొరికిన చోట సీటు ఇచ్చేస్తారు. దాని కింద ఇంకా నచ్చిన కాలేజీ ఉన్నా ఆ దాకా రారు. అందుకే వరుస తప్పితే అంతా తప్పినట్టే. రెండో విడతలో మార్చుకుందామంటే మేము కోరిన బ్రాంచిలో సీటు మిగల్లేదు. పాప హాస్టల్‌లో చేరింది. ఏడాదికి 70 వేలు. నాలుగేళ్లకు 2 లక్షల 80 వేలు.

ఆ పిల్లోణ్ణి తిట్టి లాభం లేదు. వానికి రోజుకు వందమంది. తప్పు నాది. నా బిడ్డ నాలుగేళ్ల చదువు ఒక స్క్రీన్ మీద రాస్తా ఉంటే, చదవకుండా తల ఊపినాను. అదే పాసు పుస్తకంలో ఒక సర్వే నంబర్ తప్పు పడితే ఊరుకుంటానా? తహసీల్దార్ ఆఫీసు చుట్టూ ఆర్నెల్లు తిరుగుతాను.

రెండో దెబ్బ ఆ కసిలోనే తిన్నాను. వెంటనే టౌన్‌కు పోయి ఒక షాపులో 24 వేలకు ల్యాప్‌టాప్ కొన్నాను. సన్నగా, తళతళలాడతా ఉంది. బ్యాగు ఫ్రీ, మౌస్ ఫ్రీ. ఇంటికి తెచ్చినాక తెలిసింది, అందులో సెలెరాన్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎంఎంసీ అని. ఆ 64లో విండోస్‌కే సగం దాకా పోయింది. రెండు అప్‌డేట్‌లు వచ్చేసరికి నిండిపోయింది. "నాన్నా, ఇది ఆన్ అయ్యేలోపు ఎసరు పెట్టుకోవచ్చు" అనేది పాప. ర్యామ్ పెంచుదామని తీసుకుపోతే బోర్డుకే అతికించి ఉంది, పెంచడానికి లేదన్నారు. ఏడాదిన్నరకు మూలకు పడింది. చవకని కొన్నదే ఖరీదైంది.

అందుకే రెండోసారి, నిరుడు మార్చిలో, నేను సంతలో ఎద్దును కొన్నట్టు కొన్నాను. ఎద్దును కొనేటప్పుడు మనం కొమ్ములకు పూసిన రంగు చూడం. నోరు తెరిచి పళ్లు చూస్తాం, సుడులు చూస్తాం, నడిపించి చూస్తాం. ఇక్కడ కూడా చూడాల్సిన పళ్లు నాలుగైదు ఉన్నాయి. అవి చెప్తాను.

మొదటిది ప్రాసెసర్. ఇది యంత్రానికి మెదడు అనుకోండి. ఇంటి పనికి, డిగ్రీ, బీటెక్ చదువుకు ఇంటెల్‌లో ఐ3, ఐ5 గానీ, ఏఎండీలో రైజెన్ 3, రైజెన్ 5 గానీ చాలు. కానీ "ఐ5" అని స్టిక్కర్ చూసి ఆగొద్దు, పక్కనున్న నంబర్ చూడాల. ఐ5-1235యూ అని ఉంటే మొదటి రెండు అంకెలు 12, అంటే 12వ తరం. అదే 7200యూ అని ఉంటే 7వ తరం, ముసలి ఎద్దు. కొత్త ఇంటెల్‌లో ఈ మధ్య "ఐ" తీసేసి ఉత్త కోర్ 3, కోర్ 5 అని పేరు పెడుతున్నారు, అది చూసి కంగారు పడొద్దు. రైజెన్‌లో ఇంకో తిరకాసు ఉంది. 7520యూ అని ఉంటే మొదటి అంకె 7 చూసి కొత్తది అనుకుంటాం. మూడో అంకె చూడండి. 2 ఉందంటే లోపలి డిజైన్ 2019 నాటిది. 7530యూ అయితే మూడో అంకె 3, అది దానికంటే మేలు. కొమ్ములకు కొత్త రంగు, నోట్లో పాత పళ్లు అంటే ఇదే.

రెండోది ర్యామ్. 8 జీబీకి తక్కువ తీసుకోవద్దు. పిల్లలు ఇంజినీరింగ్ అయితే 16 ఉంటే నాలుగేళ్లు నిశ్చింత. షాపులో ఒక్క మాట అడగండి: "తర్వాత పెంచుకోవడానికి స్లాట్ ఉందా, సోల్డర్ చేసిందా?" ఈ ప్రశ్న అడిగితే వాడు మిమ్మల్ని చూసే చూపే మారుతుంది.

మూడోది స్టోరేజ్. ఎస్‌ఎస్‌డీ అని ఉండాల, 512 జీబీ ఉండాల. ఈఎంఎంసీ వద్దు. లోపల చక్రం తిరిగే పాత హార్డ్ డిస్క్ మీద విండోస్ నడిపేది అసలే వద్దు. 1 టీబీ అని పెద్ద అంకె చెప్పి పాత హార్డ్ డిస్క్ అంటగట్టేవాళ్లు ఉన్నారు. గరిసె పెద్దదే, తలుపు మాత్రం పిల్లి దూరేంత.

నాలుగోది స్క్రీన్. ఫుల్ హెచ్‌డీ, అంటే 1920 బై 1080 ఉండాల. పక్కకు జరిగి, కిందికి వంగి చూడండి. రంగు తెల్లబోతే అది తక్కువరకం ప్యానెల్. పిల్లలు రాత్రి రెండు మూడు గంటలు దాన్నే చూస్తారు, కళ్లు వాళ్లవి.

ఐదోది విండోస్. కొన్ని చవకగా వస్తాయి, "డాస్" అని రాసి ఉంటుంది. అంటే విండోస్ లేదు. షాపోడు "నేను వేసిస్తా లేన్నా" అంటాడు, వేసేది దొంగది. లైసెన్స్ విండోస్ 11తో వచ్చేది తీసుకోండి. కొన్నిట్లో ఎంఎస్ ఆఫీసు కూడా జీవితకాలానికి వస్తుంది, కొన్నిట్లో కొన్నాళ్లే. అది అడగండి. లేకున్నా బాధ లేదు, లిబ్రె ఆఫీస్ అని పూర్తి ఉచితంగా దొరుకుతుంది. మన లెక్కలకు, పిల్లల రిపోర్టులకు సరిపోతుంది.

గ్రాఫిక్స్ కార్డ్ అంటారు, గేమింగ్ ల్యాప్‌టాప్ అంటారు. పిల్లలు త్రీడీ డిజైన్ కోర్సు చేస్తుంటే ఆలోచించండి. లేకుంటే రెండెకరాల సేద్యానికి సొంత హార్వెస్టర్ కొన్నట్టు. బరువు ఎక్కువ, వేడి ఎక్కువ, బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. అప్పుడు అబ్బోడు చదివేది ఏదో, ఆడేది ఏదో మీరే చూసుకోండి.

మన ఆళ్లగడ్డలో శిల్పులు రాయిని ఉలి పెట్టకముందే తట్టి శబ్దం వింటారు. లోపల పగులుంటే పలికే తీరే వేరు. మీరు కూడా ల్యాప్‌టాప్‌ను చేతిలోకి తీసుకోండి. మూత పదిసార్లు తెరిచి మూయండి. కీబోర్డు మీద నాలుగు మాటలు కొట్టండి. కెమెరా ఆన్ చేసి మీ మొగం చూసుకోండి, ఇప్పుడు పిల్లలకు ఉద్యోగం ఇంటర్వ్యూలు అందులోనే. షాపోడు విసుక్కుంటే పక్క షాపుకు పోండి.

ఇక ఎక్కడ కొనాల? ఆన్‌లైన్‌లో ఒక్కోసారి రెండు మూడు వేలు తగ్గుతుంది, అది నిజమే. కానీ చెడిపోతే ఎవరు వస్తారు? కొనకముందే కంపెనీ సర్వీస్ నంబర్‌కు ఫోన్ చేసి మీ ఊరి పిన్ కోడ్ చెప్పి అడగండి, ఇంటికొచ్చి రిపేర్ చేస్తారా, లేక మనమే మోసుకుపోవాలా అని. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు సుమారు 40 కిలోమీటర్లు. అక్కడ ఆ కంపెనీ సెంటర్ లేకుంటే కర్నూలు. రెండుసార్లు తిరిగితే ఆన్‌లైన్‌లో మిగిలిన డబ్బు బస్సుకూ, పోయిన కూలికీ సరిపోతుంది. ఆన్‌లైన్‌లోనే కొంటే మాత్రం డబ్బా సీలు తీసేటప్పుడు వీడియో తీసుకోండి.

బిల్లు సంగతి. "బిల్లు వద్దంటే వెయ్యి తగ్గిస్తా" అంటాడు. ల్యాప్‌టాప్ మీద జీఎస్టీ 18 శాతం, వాని ఆశ అక్కడుంది. విత్తనం మొలవకపోతే సంచి, లేబుల్, బిల్లు లేకుండా మనకు నష్టపరిహారం వస్తుందా? ఇదీ అంతే. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి. ఆ నంబర్ కంపెనీ వెబ్‌సైట్‌లో కొడితే వారంటీ ఏ రోజు మొదలైందో చూపిస్తుంది. ఆరు నెలల కిందటే మొదలై ఉంటే అది డెమోకు పెట్టిందో, తిరిగొచ్చిందో. మోసం జరిగితే 1915కు ఫోన్ చెయ్యొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. బిల్లు లేకుంటే వాళ్లు కూడా ఏం చెయ్యలేరు.

సెకండ్ హ్యాండ్ తప్పు కాదు. ఆఫీసుల్లో వాడి తీసేసిన గట్టి ల్యాప్‌టాప్‌లు 20 వేల చుట్టుపక్కల దొరుకుతాయి. నా 24 వేల కొత్త డబ్బా కంటే అవే నయం. కానీ ఇంటెల్ అయితే 8వ తరానికి ముందువి వద్దు. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. 8వ తరం కంటే పాతవాటికి విండోస్ 11ను కంపెనీ ఒప్పుకోదు. మొన్నటి నుంచి అట్లాంటి పాతవి సంతలోకి ఎక్కువగా వస్తున్నాయంటే కారణం అదే. బ్యాటరీ రిపోర్ట్ తీసి చూపించమని అడగండి. కొత్తలో ఎంత పట్టేది, ఇప్పుడు ఎంత పడుతోంది, రెండు అంకెలూ పక్కపక్కనే కనపడతాయి.

ఈఎంఐ గురించి నా మాట కొంచెం కటువుగా ఉంటుంది. వడ్డీ లేదంటారు. కానీ నగదు ఇచ్చేవానికి తగ్గించేది చాలాచోట్ల ఈఎంఐ వానికి తగ్గించరు, పైగా ప్రాసెసింగ్ ఫీజు. అది కూడా పక్కన పెట్టండి. మన డబ్బు నెలనెలా వచ్చేది కాదు. అక్టోబరులో విత్తి ఫిబ్రవరిలో కోసేవాని ఇంట్లో ప్రతి నెలా 5వ తారీఖున నాలుగు వేలు ఎక్కడి నుంచి వస్తాయి? ఒక కంతు తప్పితే బ్యాంకు చెక్ బౌన్స్ చార్జీ, ఫైనాన్స్ వాని జరిమానా. దానికంటే పెద్దది సిబిల్. ల్యాప్‌టాప్ కంతు తప్పిన మచ్చ రేపు బ్యాంకులో లోన్ అడిగినప్పుడు బయటపడుతుంది. పంట అమ్మిన నెలలో నగదుతో కొనండి. అప్పటిదాకా ఆగలేని పని ఉంటే సెకండ్ హ్యాండ్ తీసుకోండి.

నేను నిరుడు కొన్నది 52 వేలు. 16 జీబీ, 512 ఎస్‌ఎస్‌డీ. అప్పటి శనగ మద్దతు ధర క్వింటాలుకు 5,650 లెక్కన తొమ్మిది క్వింటాళ్ల పైమాటే. నేను కొన్నాక, నిరుటి చివర నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగినాయి, ఇప్పుడు అదే ల్యాప్‌టాప్‌కు ఇంకా ఎక్కువ అడుగుతున్నారు. కాబట్టి నా ధర పట్టుకుని షాపులో కొట్లాడొద్దు. నేను చెప్పిన పళ్లు మాత్రం చూడండి.

మన ఊర్లలో వాడకం గురించి నాలుగు మాటలు. చాలా ల్యాప్‌టాప్‌లు 35 డిగ్రీల దాకా వేడికి తయారుచేసినవి. నంద్యాలలో మే నెలలో 45 దాటుతుంది. మధ్యాహ్నం రేకుల ఇంట్లో పరుపు మీద పెట్టి వాడితే గాలి ఆడక ఉడికిపోతుంది. చెక్క పలక మీద పెట్టండి, బరువు పనులు పొద్దున, రాత్రి చేసుకోండి. నూర్పిళ్ల దుమ్ము పడనీయొద్దు. చార్జర్ మూడు పిన్నులది ఎర్తింగ్ ఉన్న ప్లగ్గుకే పెట్టండి. చెయ్యి పెడితే జిల్లుమంటుందంటే ఎర్త్ లేదని అర్థం. ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్ వాడేవాళ్లు వైఫై సెట్టింగ్‌లో "మీటర్డ్ కనెక్షన్" ఆన్ చేసుకోండి. లేకుంటే విండోస్ అప్‌డేట్ ఒక్క రాత్రిలో మీ డేటా అంతా తాగేస్తుంది.

"ఫోన్ చాలదా?" అని అడిగేవాళ్లకు కూడా చెప్తాను. అడంగల్, 1బి చూడటానికి, పీఎం కిసాన్ డబ్బు పడిందా లేదా అనేదానికి ఫోన్ చాలు. ఆ పనికి ల్యాప్‌టాప్ కొనొద్దు. పెద్ద ఫారం నింపాలన్నా, నాలుగు కాగితాలు పక్కపక్కన పెట్టి సరిచూడాలన్నా, లెక్క రాయాలన్నా, పిల్లలు ప్రాజెక్ట్ రిపోర్ట్ రాయాలన్నా ఫోన్ చాలదు. "ప్రభుత్వం ఇస్తుందిలే" అనేవాళ్లు కూడా ఉన్నారు. 2022 డిసెంబరులో 8వ తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చినారు, మంచిదే. కానీ పథకం వచ్చే ఏడాది, మన బిడ్డకు అవసరం వచ్చే ఏడాది ఒకటే కావాలని లేదు.

ఇప్పుడు అసలు మాట. ఇది చెప్పడానికే ఇంత రాసినాను.

మా పెద్దపాపకు మంచి ల్యాప్‌టాప్ కొంటానన్నప్పుడు మా ఇంట్లోనే ఒక మాట వచ్చింది. "ఆడపిల్లకు 52 వేలదా? రేపు పెండ్లయి పోయేదేగా. అబ్బోనికి కొను, వాడు కర్నూలులో చదువుకుంటున్నాడు" అని. అన్నది నా తోబుట్టువే, చెడ్డ మనసుతో అనలేదు. చాలా ఇండ్లలో జరిగేది ఇదే. ఇంటి కోసమని కొంటారు, అబ్బోడు హాస్టల్‌కు తీసుకుపోతాడు, ఇంట్లో ఉన్న ఆడపిల్ల మళ్లా నెట్ సెంటర్ వరుసలో వెనకాల నిలబడుతుంది. స్క్రీన్ కనపడని చోట.

నేను అబ్బోనికి చెప్పినాను. "నీకు కావాల్సింది సెకండ్ హ్యాండ్‌లో చూద్దాం. ఇది ఇంటిది, ఇంట్లోనే ఉంటుంది" అని. నాలుగు రోజులు మొగం ముడుచుకున్నాడు. తర్వాత వాడే నాతో వచ్చి 8వ తరం సెకండ్ హ్యాండ్ ఒకటి ఏరుకున్నాడు. దానితో బాగానే చదువుతున్నాడు.

ఇంటి ల్యాప్‌టాప్ అంటే ఇంట్లో అందరిదీ అని. నా ఆడదానికి కూడా. పొదుపు సంఘం లెక్క అందులోనే రాస్తుంది. నేను 54 ఏళ్ల వయసులో ఎక్సెల్ నేర్చుకున్నాను, నేర్పింది మా చిన్నపాప. నిరుటి శనగ ఖర్చంతా అందులో ఎక్కించినాను. విత్తనం, ఎరువు, మందు, ట్రాక్టర్, మిషన్ కోత, కౌలు. నోటి లెక్కలో మిగిలింది అనుకున్నదంతా, మా ఇంటి మనుషుల కూలి కూడా వేసేసరికి సగానికి పడిపోయింది. మనసుకు కష్టమైంది. కానీ తెలిసింది. ఈ ఏడు కౌలుకు కొత్త చేను పట్టేటప్పుడు ఆ షీట్ ముందర పెట్టుకునే బేరం ఆడినాను.

కాబట్టి నా అభిప్రాయం ఇది. ల్యాప్‌టాప్ పిల్లోనికి కొనిచ్చే బహుమతి కాదు. ఇంట్లో మడక, గుంటక ఎట్లనో, అదీ ఒక పనిముట్టు. పనిముట్టును చూసి కొనాల, నగదుతో కొనాల, ఇంట్లో అందరి చేతికీ అందేట్టు పెట్టాల. కొన్నవాడు కూడా దాన్ని తిప్పడం నేర్చుకోవాల.

మా చిన్నపాపకు ఈ ఏడే కౌన్సెలింగ్. ఆప్షన్లు ఈసారి మా వరండాలోనే పెడతాం. పాప కొడుతుంది. నేను పక్కన కాగితం పట్టుకుని ఒక్కో కాలేజీ పేరు, కోడ్ గట్టిగా చదువుతాను, వాళ్లమ్మ టిక్కు పెడుతుంది. ఒక పూట పట్టినా పర్వాలేదు. అంతా సరిచూసుకున్నాకే ఫ్రీజ్.

ఆ తమ్ముడు ఈ పోస్టు చదువుతా ఉంటే ఒకటే చెప్తున్నా. పాపను కూడా షాపుకు తీసుకుపో. వాడేది అది, చేత్తో పట్టుకుని చూడాల్సింది కూడా అదే. మీ అనుభవాలు కూడా కింద రాయండి. ఎవరు ఎక్కడ దెబ్బ తిన్నారో రాస్తే పక్కోడు తినకుండా ఉంటాడు.